పెద్ద సంఖ్య గుట్టు కాగితం మీదే విప్పడం ఎలా? మూడు పిన్ కోడ్‌లతో

కడపలో మా మిద్దె మీద సాయంత్రం పూట బ్యాంకు పరీక్షలకీ డీఎస్సీకీ చదువుకునే పిల్లలు పది పన్నెండు మంది కూర్చుంటారు. బోర్డు మీద ఆరంకెల సంఖ్య ఒకటి రాసి "దీని సంగతేందో చెప్పండి" అంటే జరిగేది ఎప్పుడూ ఒకటే. సగం మంది ఫోన్ తీస్తారు. మిగతా సగం 2తో చూస్తారు, 3తో చూస్తారు, 5తో చూస్తారు, ఇంకా ఓపికుంటే 7తో చూస్తారు, దేంతోనూ పోకపోయేసరికి "ప్రధాన సంఖ్య సార్" అని పెన్ను మూత పెట్టేస్తారు. ఫోన్ తీసినవాళ్ళు కనీసం తప్పు చెప్పరు. పెన్ను మూత పెట్టేసినవాళ్ళని చూస్తేనే నాకు కడుపు మండుతుంది. ఏళ్ళ తరబడి అదే తప్పు, అదే చోట. అందుకే కూర్చుని ఇది రాస్తున్నా.

ముందు ఒక మాట. పెద్ద సంఖ్య గుణాలు అంటే అది ప్రధాన సంఖ్యా కాదా, దానికి ఎన్ని కారణాంకాలు, వాటి మొత్తమెంత, అది దేనికైనా వర్గమా, రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా, ఇట్లాంటివి. ఇవన్నీ వేర్వేరు లెక్కలని, ఒక్కోదానికి ఒక్కో సూత్రం బట్టీ పట్టాలని అనుకుంటారు. అసలు లెక్క ఒక్కటే. సంఖ్యని ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడగొట్టాలి. అది కుదిరితే మిగతావి ఐదు నిమిషాల పని, అది తప్పితే మిగతావన్నీ అందంగా, వరసగా తప్పుతాయి.

ఉదాహరణకి మన పిన్ కోడ్‌లు తీసుకుందాం. 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి వచ్చింది, మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక వైపు. మొదటి మూడంకెలు చూస్తే 515 అనంతపురం, 516 కడప, 517 చిత్తూరు, 518 కర్నూలు. వెనక 001 తగిలిస్తే ఆ ఊరి హెడ్ పోస్టాఫీసు. నేను వీటినే ఎందుకు వాడతానంటే, ఇవి లెక్క కుదరడం కోసం ఎవరో తయారుచేసిన సంఖ్యలు కావు. గైడ్లలో ఇచ్చే సంఖ్యలు 2520, 5040 లాంటివి, ముట్టుకుంటే విడిపోతాయి, వాటితో ఎవరూ ఏమీ నేర్చుకోరు.

కావాల్సినవి

గళ్ళ నోటుబుక్కు, పెన్ను. పెన్సిల్ వద్దు, తుడిపేశాక తప్పు యాడ జరిగిందో మీకూ తెలీదు నాకూ తెలీదు. 200 లోపు ప్రధాన సంఖ్యల పట్టీ ఒకటి చేత్తో రాసి పుస్తకం మొదటి పేజీలో పెట్టుకోండి, మొత్తం 46 రావాలి. 47 గానీ 50 గానీ వచ్చాయంటే 91నో, 119నో, 133నో, 143నో లోపలికి రానిచ్చారని అర్థం. 91 అంటే 7×13, 119 అంటే 7×17, 133 అంటే 7×19, 143 అంటే 11×13. చూడ్డానికి మంచి పిల్లల్లా ఉంటాయి ఇవి. క్యాలిక్యులేటర్ చివర్లో ఒక్కసారి, అంతే.

హద్దు గీయడం

సంఖ్య రాసిన వెంటనే దాని వర్గమూలం ఎక్కడ పడుతుందో చూసి పక్కన గుండ్రంగా చుట్టి పెట్టండి. కడపది 516001. 718 వర్గం 5,15,524, 719 వర్గం 5,16,961. మన సంఖ్య మధ్యలో పడింది కాబట్టి అది ఏ సంఖ్యకీ వర్గం కాదు, ఒక గుణం ఇక్కడే తేలిపోయింది. ఇంకోటి, దీన్ని రెండు సంఖ్యల లబ్ధంగా రాయగలిగితే అందులో ఒకటి కచ్చితంగా 718 లోపే ఉంటుంది, రెండూ 718 దాటితే లబ్ధం మన సంఖ్యని దాటిపోతుంది కదా. అంటే 718 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. అవి 127 ఉన్నాయి. భయపడొద్దు, అన్నీ చేయనక్కర లేకుండా పోతుంది, ఎందుకో చెప్తా.

చిన్నవాటిని తోసేయడం

చివరి అంకె 1, కాబట్టి 2, 5 పోవు. అంకెలన్నీ కలిపితే 13, కాబట్టి 3 పోదు, 9 ఊసే లేదు. 7, 11, 13లకి విడివిడిగా భాగహారం చేసేవాళ్ళని చూస్తే జాలేస్తుంది. 7×11×13 అంటే 1001. కాబట్టి సంఖ్యని కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా కోసి, ఒకదాన్ని తీసేస్తూ ఒకదాన్ని కలుపుతూ పోతే మిగిలిన చిన్న సంఖ్యని 7, 11, 13లతో చూస్తే సరిపోతుంది. 516, 001. తేడా 515. 515ని 7తో భాగిస్తే 4 మిగులుతుంది, 11తో 9, 13తో 8. మూడింటి సంగతీ ఒకే దెబ్బకి తేలింది, ఏదీ పోదు.

ఇక్కడ మనవాళ్ళు ప్రత్యేకంగా చేసే తప్పు ఒకటుంది. మనం లక్షల లెక్కన కామాలు పెడతాం, 5,16,001 అని. పరీక్ష టెన్షన్‌లో ఆ కామాల దగ్గరే కోసేసి 5, 16, 001 అని మూడు ముక్కలు చేసి లెక్క కడతారు. అది తప్పు, ఈ పరీక్ష మూడేసి అంకెలతోనే పనిచేస్తుంది. రఫ్ పనిలో కామాలు పెట్టకపోవడమే మంచిది. మా దగ్గర అది రూలు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు, రెండు నిమిషాలు.

17 నుంచి పైకి: అందరూ పడేది ఇక్కడే

ఇప్పుడు పట్టీలో వరసగా 17, 19, 23, 29 అంటూ ఒక్కోదాంతో భాగించుకుంటూ పోవాలి. షార్ట్‌కట్ లేదా అంటారు. ప్రతి ప్రధాన సంఖ్యకీ ఒక షార్ట్‌కట్ ఉందని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళున్నారు, చివరి అంకెని ఐదుతో గుణించి మిగతాదాంట్లోంచి తీసేయి, ఏడుతో గుణించి కలుపు, ఇట్లా. ఏ సంఖ్యకి ఏది తీసేయాలో, ఏది కలపాలో గుర్తుపెట్టుకునే లోపల మామూలు భాగహారం అయిపోతుంది. పైగా వాటితో శేషం రాదు, పోతుందా పోదా అన్నదే వస్తుంది. నాకు శేషం కావాలి. మామూలు భాగహారమే చేయండి.

516001ని 17తో చేద్దాం. పదిహేడు మూళ్ళు యాభై ఒకటి, 51 పోయింది, శేషం సున్నా. 6ని కిందికి దించాం. 6లో 17 పోదు.

ఇక్కడ ఆగండి. ఈ ఒక్క చోట ఎన్ని బుర్రలు బోల్తా కొట్టాయో నాకు తెలుసు. 6లో 17 పోదు కాబట్టి భాగఫలంలో సున్నా పెట్టాలి, పెట్టిన తర్వాతే ఇంకో అంకె దించాలి. కానీ చెయ్యి వేగంగా కదులుతుంటుంది, 6 చాలదని పక్కనున్న 0ని కూడా దించేసి 60 చేసుకుంటారు, పదిహేడు మూళ్ళు యాభై ఒకటి అని 3 వేసేస్తారు, పైన సున్నా మాత్రం పడదు. సరిగ్గా చేస్తే 3, 0, 3, 5, 3 అని 30353 వస్తుంది. సున్నా మింగేస్తే 3353 వస్తుంది.

మొన్న మా దగ్గరికొచ్చే ఒక పాప ఇదే చేసింది. లెక్కల్లో తెలివైన పాప, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, అందుకే తప్పు కూడా ముద్దుగా కనబడింది. 3353 వచ్చింది, దాన్ని 7తో భాగిస్తే 479 వచ్చింది, 479 ప్రధాన సంఖ్య. జవాబు 7×17×479 అని రాసి కింద రెండు గీతలు గీసింది.

"సరి చూసుకున్నావా అమ్మా?" అన్నా.

"చూశా సార్, తొమ్మిదుల పరీక్ష కూడా చేశా, సరిపోయింది."

తొమ్మిదుల పరీక్ష అంటే ప్రతి సంఖ్య అంకెల్నీ ఒక్క అంకె మిగిలేదాకా కూడి, వాటిని గుణించి, రెండు వైపులా ఒకటే వస్తుందా అని చూడ్డం. చూస్తే నిజంగానే సరిపోయింది! 7 ఏడే, 17 అంకెలు కలిపితే 8, 479 కలిపితే 20, అంటే 2. ఏడు ఎనిమిదులు యాభై ఆరు, రెండింతలు 112, అంకెలు కలిపితే 4. అటు 516001 అంకెలు కలిపితే 13, అదీ 4. ఎందుకు సరిపోయిందంటే ఆ పాప జవాబు గుణిస్తే వచ్చేది 57001. అంకెలు 5, 7, 0, 0, 1, మొత్తం 13. భాగఫలంలో సున్నా మింగితే ఏమవుతుంది? ముందున్న 3 పదివేల స్థానంలోంచి వెయ్యి స్థానంలోకి జారుతుంది, ముప్పై వేలు మూడు వేలవుతాయి. తగ్గింది 27 వేలు, అది తొమ్మిదితో పోయే సంఖ్యే. అందుకే తొమ్మిదుల పరీక్షకి ఈ తప్పు కనబడదు. అది ఏ తప్పునైనా పట్టేస్తుందని పిల్లలకి నూరిపోసినవాళ్ళ మీద నాకు కోపం. ఈ ఒక్క తప్పునీ, అంటే అందరూ చేసే తప్పునే, అది వదిలేస్తుంది.

"ఈ 7 యాడ నుంచి వచ్చిందమ్మా?" అని మాత్రం అడిగా. ఆ పాప పైకి చూసి, మళ్ళీ పుస్తకం చూసి, నాలుక కరుచుకుంది. 7తో పోదని రెండు నిమిషాల ముందు తనే తేల్చింది కదా, 515 తీసి. ఒకసారి పోదని తేలిన సంఖ్య తర్వాత ఎప్పుడూ రాకూడదు. వచ్చిందంటే మధ్యలో భాగహారం చెడింది. అంకెల పరీక్షలే కావాలంటే పదకొండుతో చూసుకోండి, ఈ లెక్కలో అది పట్టేస్తుంది: 516001ని 11తో భాగిస్తే 2 మిగులుతుంది, 57001కి 10 మిగులుతుంది. ఇవేమీ వద్దనుకుంటే అంచనా వేసుకున్నా చాలు. ఐదు లక్షల చిల్లరని 17 మందికి పంచితే తలా ముప్పై వేలు రావాలి గానీ మూడు వేలు ఎట్లా వస్తుంది సామీ?

సరే, 17 పోయింది, 30353 మిగిలింది. ఇప్పుడు మూడు పనులు, ఇదే వరసలో చేయాలి.

మొదటిది, హద్దు మార్చండి. పాత 718 కొట్టేసి 30353కి కొత్త హద్దు రాయండి, 174. 127 ప్రధాన సంఖ్యలు చూడాలన్న భయం ఒక్కసారిగా 40కి దిగింది, అందులో కూడా 13 దాకా ఇప్పటికే అయిపోయాయి. హద్దు మార్చకుండా 718 దాకా గుడ్డిగా పోయేవాళ్ళని చూశా, వాళ్ళకి జవాబు వస్తుంది గానీ పరీక్ష అయిపోతుంది.

రెండోది, ఇప్పుడు పోయిన సంఖ్యతోనే మళ్ళీ చూడండి. ముందుకి దూకొద్దు. 30353ని మళ్ళీ 17తో భాగిస్తే 8 మిగులుతుంది, కాబట్టి ఇక 17 సంగతి ముగిసింది. ఇది అనవసరం అనిపిస్తుంది. అనిపిస్తే కర్నూలు 518001 తీసుకోండి. అంకెల మొత్తం 15, 3తో పోతుంది, 172667 మిగులుతుంది. మూడేసి కోస్తే 667లోంచి 172 తీసేస్తే 495, అది పదకొండు నలభై ఐదులు. 11తో పోయింది, 15697 వచ్చింది. ఇక్కడ నూటికి తొంభై మంది 11 అయిపోయిందని 13కి పోతారు, హద్దు 125 కాబట్టి 13 నుంచి 113 దాకా భాగిస్తూనే ఉంటారు, దేంతోనూ పోదు, చివరికి 15697 ప్రధాన సంఖ్య అని రాసేస్తారు. అంత కష్టం, అంతా వృథా. కుడివైపు నుంచి అంకెల్ని ఒకటి తీసేస్తూ ఒకటి కలుపుతూ చూడండి, సున్నా వస్తే 11తో పోతుంది: 7−9+6−5+1 సున్నా. మళ్ళీ 11తోనే పోతుంది! 1427 వస్తుంది. దాని హద్దు 37, 13 నుంచి 37 దాకా ఏడు భాగహారాలు, ఏదీ పోదు. కర్నూలు లెక్క 3×11×11×1427.

మూడోది, ప్రతి ప్రధాన సంఖ్య పక్కన శేషం రాయండి. "పోదు" అని రాయొద్దు, ఇంటూ గుర్తు పెట్టొద్దు, శేషమే రాయండి. 30353కి నా పుస్తకంలో ఇట్లా ఉంటుంది: 19కి 10, 23కి 16, 29కి 19, 31కి 4, 37కి 13, 41కి 13, 43కి 38, 47కి 38. శేషం భాజకం కంటే పెద్దదొస్తే అక్కడికక్కడే తప్పు దొరుకుతుంది. ఇంటూ పెట్టినవాడికి ఏదీ దొరకదు. రాసుకుంటూ పోతే ఇంకో లాభం, మీరు బస్సెక్కి దిగాక కూడా ఎక్కడ ఆపారో అక్కడి నుంచి ఎత్తుకోవచ్చు.

ఇక ఓపిక సంగతి. 67 దగ్గర 2 మిగులుతుంది, "అబ్బా, కొంచెంలో పోయింది" అనిపిస్తుంది. కొంచెంలో పోవడం అనేది ఇక్కడ లేదు, శేషం 2 అయినా 66 అయినా ఒకటే. 89కి 4. 97కి 89. ఇక్కడ రెండంకెల ప్రధాన సంఖ్యలు అయిపోయాయి, చెయ్యి నొప్పి పుడుతుంది, కింద ఇంట్లో ఉగ్గాని తాలింపు వాసన వస్తుంటుంది, నూరు దాకా చూశాం కదా ఇంకేముంటుందిలే అని పెన్ను మూత చేతికొస్తుంది. దయచేసి ఆగొద్దు. నూరు అనేది హద్దు కాదు. హద్దు 174 అని మీరే రాసుకున్నారు, పక్కనే గుండ్రంగా చుట్టి ఉంది. 101కి 53, 103కి 71, 107కి 72, 109కి 51, 113కి 69, ఆ తర్వాత 127. 30353లో 127 నిండుగా 239 సార్లు పోతుంది. శేషం సున్నా.

17ని రెండోసారి చూసినదాంతో కలిపి ఇరవై నాలుగు సార్లు పోలేదు, ఇరవై ఐదోసారి పోయింది. నేను కడప సంఖ్యని మొదట ఇవ్వడానికి కారణం ఇదే. నూరు దగ్గర ఆపిన వాళ్ళకి ఇది 17×30353 గానే మిగిలిపోతుంది.

తొందరపడి ప్రధాన సంఖ్య అనేయడం మన పిల్లల జబ్బే కాదు, ఫ్రాన్సు గణిత మేధావి ఫెర్మా అంతటివాడే 4,29,49,67,297 ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. 2ని 32 సార్లు గుణించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య అది. ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 1732లో, ఆయిలర్ అనే ఇంకో గణిత మేధావి అది 641తో పోతుందని చూపించాడు. భాగఫలం 67,00,417. ప్రధాన సంఖ్యల వరసలో 641 నూటపదహారోది, మరీ అందనంత దూరంలో ఏమీ లేదు.

మిగిలిన 239కి హద్దు 15. 13 దాకా ముందే తోసేశాం, కాబట్టి కొత్తగా ఏమీ చేయకుండానే అది ప్రధాన సంఖ్య. దాన్ని కూడా మళ్ళీ 2తో 3తో మొదలుపెట్టి చూసేవాళ్ళుంటారు, వాళ్ళకి తమ పని మీద తమకే నమ్మకం లేదు. కడప లెక్క 17×127×239.

అనంతపురం 515001 ఇదే దారిలో చేస్తే 3 పోయి 171667 వస్తుంది, 17 నుంచి 37 దాకా ఏదీ పోదు, 41 పోతుంది, 4187 మిగులుతుంది. దాని హద్దు 64. మళ్ళీ 41తో చూసి, 43, 47 దాటి 53 దగ్గర పోతుంది, 79 వస్తుంది. 3×41×53×79. 4187ని చూసి ప్రధాన సంఖ్య అనుకోనివాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఇంకో పద్ధతి గొప్పదని వాదించేవాళ్ళకి

ఫెర్మా పద్ధతి అని ఒకటుంది, సంఖ్యని రెండు వర్గాల తేడాగా రాస్తే వెంటనే రెండు ముక్కలవుతుంది. కోచింగ్‌లో ఒకాయన ఇదొక్కటే చాలని చెప్పాడట, ఒక పిల్లోడు వచ్చి నాతో వాదించాడు. సరే చెయ్యి నాయనా అని కడప సంఖ్య ఇచ్చా. 719తో మొదలుపెట్టి ఒక్కొక్కటి పెంచుకుంటూ వర్గం చేసి, అందులోంచి 516001 తీసేసి, మిగిలింది వర్గమా కాదా చూసుకుంటూ పోవాలి. 1199 దగ్గర గానీ కుదరదు, 1199 వర్గంలోంచి 960 వర్గం తీసేస్తే వస్తుంది. అంటే 481 సార్లు. వాడు ముప్పై దాకా పోయి నీళ్ళు తాగడానికి లేచాడు, మళ్ళీ ఆ లెక్క ఎత్తలేదు. కారణాంకాలు రెండూ దగ్గరదగ్గరగా ఉంటే ఆ పద్ధతి బ్రహ్మాండం, ఉన్నాయో లేవో ముందే తెలీదు కదా. నా పద్ధతి బోరు కొట్టిస్తుంది, కానీ ఎక్కడ ఆగాలో చెప్తుంది.

ఇప్పుడు గుణాలు చకచకా

కారణాంకాల సంఖ్య: ప్రతి ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో దానికి ఒకటి కలిపి అన్నీ గుణించండి. కడపకి 2×2×2, ఎనిమిది. అవి 1, 17, 127, 239, 2159, 4063, 30353, 516001. అనంతపురానికి 16. కర్నూలుకి 11 రెండుసార్లు వచ్చింది కాబట్టి 2×3×2, పన్నెండు. దాన్ని 2×2×2×2 చేసి 16 అనొద్దు, రెండు 11లు వేరువేరు మనుషులు కాదు.

కారణాంకాల మొత్తం: ఒక్కసారి వచ్చినదానికి ఒకటి కలపండి, గుణించండి. కడపకి 18×128×240, అంటే 5,52,960. పైన రాసిన ఎనిమిదింటినీ కూడి చూసుకోండి, అదే వస్తుంది. కర్నూలులో 11 రెండుసార్లు ఉంది కాబట్టి దాని వాటా 1+11+121, అంటే 133. 12×12 కాదు. 4×133×1428 చేస్తే 7,59,696. అనంతపురం 4×42×54×80, అంటే 7,25,760. ఈ సంఖ్యని ఒకసారి తేరిపార చూడండి. 1 నుంచి 9 దాకా అన్నీ గుణిస్తే 3,62,880 వస్తుంది, దానికి సరిగ్గా రెట్టింపు. ఎందుకంటే ఏమీ లేదు, అట్లా పడింది. ఇట్లాంటివి దొరుకుతాయనే నేను ఈ పని మానలేకపోతున్నా.

పరిపూర్ణ సంఖ్యా: 6, 28, 496, 8128 లాగా తనని వదిలేసి మిగతా కారణాంకాలు కూడితే తనే రావాలి. కడపకి తనని తీసేస్తే మిగిలేది 36,959. దరిదాపుల్లో లేదు. మిగతా రెండూ అంతే.

రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా: 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధాన సంఖ్యలు సరి సార్లే రావాలి, బేసి సార్లు వస్తే కుదరదు. కడపలో 127కి 3 మిగులుతుంది, ఒక్కసారే వచ్చింది, కాబట్టి కుదరదు. 516001ని నేరుగా 4తో భాగించి 1 మిగిలింది కదా అని "రాయొచ్చు" అనేస్తారు కొందరు. 127, 239 రెండింటికీ 3 మిగులుతుంది, రెండూ గుణించుకుంటే ఆ గుట్టు దాగిపోయి 1గా కనబడుతుంది. విడగొట్టకుండా పైపైన చూస్తే ఇంతే. అనంతపురం, కర్నూలు రెండింట్లోనూ ఒంటరి 3 ఉంది, అక్కడే ముగిసింది.

ఈ 239 గురించి చెప్పకుండా ఉండలేను. వృత్తాల లెక్కల్లో వచ్చే π (పై) విలువని వంద దశాంశ స్థానాల దాకా లెక్క కట్టడానికి ఇంగ్లాండ్ గణితవేత్త జాన్ మేచిన్ 1706లో వాడిన సూత్రంలో రెండే సంఖ్యల విలోమాలు ఉంటాయి, ఒకటి 5, ఇంకోటి 239. అది పనిచేయడం వెనక ఉన్న సంగతి: 239 వర్గం 57,121, దానికి ఒకటి కలిపితే 57,122. అది 13ని నాలుగుసార్లు వేసి గుణించినదానికి, అంటే 28,561కి, సరిగ్గా రెట్టింపు. మన హెడ్ పోస్టాఫీసు నంబరులో ఆ 239 కూర్చుని ఉందని ఎంతమందికి తెలుసు?

పన్నెండంకెలు కావాలంటే

ఆరంకెల దాన్ని పక్కపక్కనే రెండుసార్లు రాయండి: 516001516001. చూస్తే దడుసుకుంటారు. నిజానికి ఇది 516001ని 1000001తో గుణించడమే, 1000001 అంటే 101×9901, రెండూ ప్రధాన సంఖ్యలు. కాబట్టి 17×101×127×239×9901, ముప్పై రెండు కారణాంకాలు, కొత్తగా ఒక్క భాగహారం లేదు. అంగట్లో ఉండే ఎనిమిదంకెల క్యాలిక్యులేటర్‌లో ఈ సంఖ్య పట్టనే పట్టదు. మూడంకెల సంఖ్యని రెండుసార్లు రాస్తే, 516516 లాగా, 1001 వస్తుంది కాబట్టి ఎప్పుడూ 7, 11, 13లతో పోతుంది. పెళ్ళిళ్ళలో పిల్లల్ని ఆడించడానికి బాగుంటుంది.

చిత్తూరు 517001 మీకు వదిలేస్తున్నా. మూడు ప్రధాన సంఖ్యలు వస్తాయి, అన్నిటికన్నా చిన్నది 40 లోపే ఉంది, పెద్దది నూరు దాటుతుంది. ఎనిమిది కారణాంకాలూ కూడితే 5,40,360 రావాలి. రాకపోతే ముందు భాగహారంలో సున్నా వెతకొద్దు, ఈసారి భాగఫలంలో సున్నా లేదు. హద్దు మార్చారా లేదా చూసుకోండి.